రెండు పేర్ల ప్రార్థన

చెట్టంత కొడుకును మట్టిలో పెట్టాక నిరుపమ దేవుడితో మాట మానేసింది. మాట్లాడితే మాత్రం ఏమడుగుతుంది? శశాంక్‌ను జైల్లో వేయించమని తప్ప!

పరాయివాడైతే ఇంత మండేది కాదు. ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చినప్పటినుంచీ మౌంట్ ఆల్బర్ట్‌లో ఆమె ఇంట్లోనే ఉన్నాడు. కొడుకు మహిధర్‌తో సమానంగా అన్నం పెట్టింది. ఇద్దరూ టౌరంగా ఊళ్లో పని ముగించుకుని కారులో వస్తుంటే, శశాంక్ స్టీరింగ్ పట్టుకుని నిద్రపోయాడు. మహిధర్ పోయాడు. వీడి ఒంటిమీద గీరు కూడా పడలేదు. ఎక్కడి న్యాయమిది!

ఆదివారం ప్రార్థన కూటంలో పాస్టరు రామమోహన్ అయ్యగారు యోనా ప్రవక్త సంగతి ఎత్తారు. నీనెవె నాశనమవుతుందని యోనా చాటాడు. ఊరంతా ఏడ్చి మారితే దేవుడు జాలిపడ్డాడు. ఎందుకు జాలిపడ్డావని ప్రవక్త అలిగి చావు కోరుకున్నాడు. నిరుపమకు గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది.

"యోనాకు కొడుకు పోలేదు అయ్యగారూ!" అని లేచి వచ్చేసింది.

శిక్ష వేసేముందు, నేరం చేసినవాడూ నష్టపోయినవాళ్లూ ఒప్పుకుంటే, ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం ఈ దేశంలో ఉంది. అక్కడ చెప్పింది జడ్జి చెవిన పడుతుంది. కనికరం వద్దని చెప్పడానికే ఆమె వెళ్లింది.

శశాంక్ తల ఎత్తలేదు. మనిషి సగమైపోయాడు. అయితే అయ్యాడు, ఆమెకేం!

ప్రార్థనతో మొదలుపెడదామా అని మీటింగ్ నడిపే ఇక్కడి కివీ ఆవిడ అడిగింది. మంచిదే, దేవుడి ముందే అడుగుతాననుకుని నిరుపమ కళ్లు మూసుకుంది.

"తండ్రీ, నా బిడ్డలు మహిధర్‌నీ శశాంక్‌నీ నీ చేతుల్లో..."

నోరు ఆగిపోయింది. ఏళ్లతరబడి రోజూ పొద్దున్నే ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క ఊపిరిలో పలికిన పేర్లవి. ఒకటి చెప్పి రెండోది మింగడం ఆ నాలుకకు చేతకాలేదు.

"నాకు న్యాయం కావాలి తండ్రీ!" అని బావురుమంది. "వీడిమీద జాలి పడాలనుంటే నువ్వే పడు, నావల్ల కాదు!"

శశాంక్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఇంట్లో ప్రార్థనప్పుడు కునికేవాడు వీడే. మోచేత్తో పొడిచి లేపేది నిరుపమే.

"ఆమెన్ అనరా," అంది.

"నేనెలా అనను ఆంటీ?"

"అను. వాడిది కూడా నువ్వే అను."

రెండుసార్లు అన్నాడు.

జడ్జికి ఏం చెప్పమంటారని కివీ ఆవిడ అడిగింది.

"శిక్ష వెయ్యమనండి," అంది నిరుపమ కళ్లు తుడుచుకుంటూ. "అదయ్యాక వీణ్ణి మా ఇంటికే పంపమనండి."