నాలుగు వేలిముద్రల సుబ్బులు

వంశవృక్షం గీసేవాడికి ఒకటి ముందే తెలిసి ఉండాలి. పాత కాగితాల్లో మగవాళ్లు దొరుకుతారు. ఆడవాళ్లు దొరకరు.

ప్రభాకర్‌కి అది తెలుసు. కోస్తాలో ఒక రిజిస్ట్రారాఫీసులో ముప్ఫై ఒక్కేళ్లు నకళ్లు రాసిన మనిషి. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాసే గొలుసుకట్టు రాతని తడుముకోకుండా చదివేవాళ్లు హైదరాబాదులో ఇప్పుడు నలుగురుంటే గొప్ప. అందుకే సినిమా నిర్మాత వరప్రసాద్ ఫిల్మ్ నగర్ ఆఫీసు నుంచి కారు పంపి మరీ జూబ్లీహిల్స్ ఇంటికి పిలిపించుకున్నాడు.

వరప్రసాద్ ముత్తాత తెల్లదొరల కాలంలో విశాఖ జిల్లాలో జమీందారు. ఆయన మీద సినిమా తీయాలన్నది పైకి చెప్పిన పని. అసలు పని వేరు. వరప్రసాద్ మొదటి భార్య మనోజ్ఞ డెంగీతో పోయింది. ఎనిమిది నెలల కిందట యూసఫ్‌గూడ అమ్మాయి గీతికని చేసుకున్నాడు. రెండో పెళ్లాం మెడలో చచ్చిపోయినామె పేర సవతి బిళ్ల వేయడం ఊళ్లలో ఉన్నదే. ఈ వంశానికి అది చాలదట. పేరు కూడా తీసుకోవాలట. వచ్చే శుక్రవారం నుంచి గీతిక మనోజ్ఞ కావాలి.

గీతిక ఒప్పుకోలేదు. ముత్తాత కాగితాల్లో అలాంటి ఆచారం కనిపిస్తే మార్చుకుంటానని మాటిచ్చింది. కనిపించదని ఆమె ధీమా.

మొదటి రోజు ప్రభాకర్‌కి కాఫీ తెచ్చినప్పుడే ఆ సంగతి చెప్పి, నవ్వింది.

"సార్, జర మంచిగ చూడుండ్రి. నా పేరు మీ చేతుల్నే ఉంది."

కింద గదిలో ట్రంకు పెట్టె ముందు అయిదు రోజులు కూర్చున్నాడు. జమీందారు తోటలన్నీ భార్య సుబ్బులు పేర పెట్టాడు. దస్తావేజులన్నిటి కిందా సుబ్బులు గారి వేలిముద్రే, 1898 నుంచి 1924 దాకా. వరప్రసాద్ మనుషులు మునసబు రాసిన మరణాల రిజిస్టరు జిరాక్సులు కూడా తెచ్చిపెట్టారు. అందులో సుబ్బులు 1903లో చనిపోయింది. 1909లో చనిపోయింది. 1917లో చనిపోయింది. కారణం గడిలో మూడుసార్లూ జ్వరం.

మొదట మునసబు బద్ధకం అనుకున్నాడు ప్రభాకర్. పాత పుస్తకం చూసి కొత్త పుస్తకం నింపేవాళ్లని ఎంతమందినో చూశాడు. తర్వాత భూతద్దం తీసి వేలిముద్రలు పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో గీతలు సుడి తిరిగాయి. ఒకదాంట్లో వంకీ. ఒకదాంట్లో నడుమ కోసుకున్న మచ్చ. నాలుగోది చిన్నపిల్లది. పేరు ఒకటే, మనుషులు నలుగురు.

మూడో సుబ్బులు పోయింది మంగళవారం. నాలుగో సుబ్బులు వేలిముద్ర వేసింది అదే వారం గురువారం. అంటే ఆమె పోకముందే ఈమెని తెచ్చి ఇంట్లో ఉంచారు. ఆ దస్తావేజులో రాతగాడు అలవాటున 'నూకా' అని రెండక్షరాలు రాసి, కొట్టేసి, పైన సుబ్బులు అని పెట్టాడు. నియమం తప్పని మనిషి కాబట్టి అడుగున 'కొట్టివేత ఒకటి' అని కూడా రాశాడు. ఆ పిల్లకి వేరే పేరొకటి ఉండేదనడానికి లోకంలో మిగిలిన సాక్ష్యం అంతే.

ప్రభాకర్ తన భార్యని నలభై ఏళ్లు 'ఏమే' అనే పిలిచాడు. ఆసుపత్రిలో ఆఖరి ఫారం నింపేటప్పుడు ఆమె పేరు కోసం ఆగి ఆలోచించాడు. ఇంకొకరిని తప్పుపట్టే అర్హత తనకి లేదు. అర్హత లేకపోయినా తప్పు తప్పే.

ఇదంతా చెబితే వరప్రసాద్ మాత్రం పొంగిపోయాడు.

"ఇంటర్వెల్ దొరికేసింది మాస్టారూ! మనోజ్ఞకి చెప్పండి, ఇక మాట తప్పడానికి లేదని." అప్పుడే ఆ పేరుతో పిలుస్తున్నాడు.

పేరు మార్పుకి అఫిడవిట్ కూడా ప్రభాకర్‌నే రాయమన్నాడు. స్టాంపు కాగితాలు బల్ల సొరుగులో ఉన్నాయని చెప్పి ఆఫీసుకి వెళ్లిపోయాడు.

సొరుగులో ఖాళీ కాగితాల కింద రాసిన కాగితం ఒకటుంది. పన్నెండేళ్ల కిందటిది. వరప్రసాద్ భార్యనైన మైత్రేయి అను నేను నేటి నుంచి మనోజ్ఞగా పిలవబడుదునని ఉంది. కింద వణికిన సంతకం.

గీతికని పిలిచి చేతికిచ్చాడు.

"మైత్రేయి ఎవలు సార్?"

"మీకు ముందు ఈ ఇంట్లో ఉన్నావిడ."

"ముందున్నది మనోజ్ఞ కదా."

"ఆవిడేనమ్మా."

గీతిక ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. గోడ మీద దండ వేసిన ఫొటో వైపు చూసింది.

"మరి మనోజ్ఞ ఎవలు?"

"ఆ కాగితం దొరకలేదు."

ఆమె ఏడవలేదు. హ్యాండ్‌బ్యాగు, ఫోను తీసుకుంది. మాటిచ్చాను కదా అని మాత్రం గొణిగింది. ఇచ్చిన మాట కోసం చచ్చినవాళ్ల పేరు మోయనక్కర్లేదని ప్రభాకర్ అన్నాడు. జీవితంలో ఒక ఆడమనిషికి అతను చెప్పిన మంచిమాట అదొక్కటే. ఎర్రటి ఎండలో ఆమె గేటు దాటి ఆటో ఎక్కడం, ఆటో కొండ దిగి మలుపు తిరగడం కిటికీలోంచి చూశాడు.

ఇంట్లో ఇక తనూ, వంట పోచయ్యా. ఆడమనిషి అన్నది లేదు.

గంట గడవకముందే వరప్రసాద్ వచ్చాడు. ప్రభాకర్ ఎలా చెప్పాలా అని లేచి నిలబడ్డాడు. వరప్రసాద్ అతని వైపు చూడకుండా మెట్ల దగ్గర ఆగి పైకి కేకేశాడు.

"మనోజ్ఞా!"

పై గదిలో గాజులు కదిలాయి.

"ఆఁ, వస్తున్నానండీ."

నెమ్మదైన గొంతు. జ్వరం తగ్గి లేచినవాళ్ల గొంతులా ఉంది. గీతిక ఏనాడూ అండీ అనలేదు.

వరప్రసాద్ వెనక్కి తిరిగి తృప్తిగా నవ్వాడు.

"చూశారా మాస్టారూ, ఎంత తొందరగా అలవాటు పడిపోయిందో!" అని మెట్లెక్కాడు.

వంటగది గుమ్మంలో పోచయ్య గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను పైకి చూడలేదు, నేల చూపులు చూస్తున్నాడు. విన్నావా అని అడగబోయాడు ప్రభాకర్.

"కూసోండ్రి సార్," అన్నాడు పోచయ్య. "కొత్తల నాక్కూడ గట్లనే అయితుండె."