సెఫ్ఫారీన్ కూడలిలో బతూల్ గొంతు

బతూల్‌కు నత్తి. ఇంట్లో ఎలాగో నెట్టుకొచ్చేది కానీ, నలుగురి ముందు నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయేది. తరగతిలో మునీర్ అనేవాడు ఆమెకు "అరిగిన క్యాసెట్" అని పేరు పెట్టాడు. అది చరిత్ర చదువులో ఆఖరి ఏడాది. ఫెజ్ నగరపు పాత నీటికాలువల మీద ఆమె పరిశోధన రాసింది. జూన్‌లో దాన్ని ముగ్గురు పరీక్షకుల ముందు నోటితో వివరించాలి.

అందుకే గదుల్లో చదవడం మానేసి, ఆరుబయట గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. పొద్దున్నే పాతకాలపు మెరినీద్ రాజుల సమాధులున్న గుట్టెక్కి గాలికి ఎదురుగా నిలబడి చదివేది. సెలవు రోజుల్లో జ్నాన్ స్బీల్ తోటలో వెదురుపొదల పక్కన కూర్చునేది. అన్నిటికన్నా ఇష్టమైన చోటు మాత్రం సెఫ్ఫారీన్ కూడలి. అక్కడ చెట్టు చుట్టూ రాగిపనివాళ్లు కాగులు బోర్లించి సుత్తులతో బాదుతుంటారు. ఆ మోతలో ఎంత గట్టిగా చదివినా పక్కవాడికి వినపడదు, ఆమెకే వినపడదు. చిత్రంగా, అక్కడ నాలుక తడబడేది కాదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం చెట్టు కింద నిలబడి, కాగితాలు చూడకుండా అప్పజెబుతోంది. పనివాళ్లకు పుదీనా టీ పళ్లెం వచ్చింది. సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"...ఆ విధవరాలి కాలువకు పొరుగువాడు రాళ్లు అడ్డం పెట్టించాడు. ఆమె ఖాజీ దగ్గరికి..."

తన గొంతు కూడలంతా మోగడం విని బతూల్ గతుక్కుమంది. ముఖాలన్నీ ఇటే తిరిగాయి. ఆమె కాగితాలు సంచిలో కుక్కుకుంటుంటే ముసలి పనివాడు లార్బీ కేకేశాడు.

"ఏమ్మాయ్, ఎక్కడికి? నెల్రోజుల్నించి నీ పెదాలాడ్డమే చూస్తున్నాం. ఇవాళ్టికి కథ చెవిన పడింది. ఇంతకీ ఆవిడకి నీళ్లొచ్చాయా, లేదా?"

"వ... వ... వ..."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆమె మాట అందుకోలేదు. లార్బీ గ్లాసు ఊదుకుంటూ, "మెల్లిగానే చెప్పు తల్లీ. టీ కాలిపోతోంది, మాకేం తొందర్లేదు," అన్నాడు.

"వచ్చాయి బాబాయ్," అంది బతూల్.

ఆగుతూ ఆగుతూ మొత్తం చెప్పింది. ఖాజీ స్వయంగా వచ్చి రాళ్లు తీయించిన ఘట్టానికి పనివాళ్లు కాగుల మీద దరువేశారు.

"రేపు ఇంకో కథ చెప్పకపోతే ఈ చెట్టునీడ నీకు లేదు!" అన్నాడు లార్బీ.

అప్పటినుంచి రోజూ టీ వేళ ఆమెదే.

జూన్ వచ్చింది. హాలు నిండా జనం. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. వెనక వరసలో మునీర్ కిసుక్కుమన్నాడు. పరీక్షకుల్లో పెద్దాయన జాలిపడి, "రాసింది ఇచ్చెయ్యమ్మా, మేమే చదువుకుంటాం," అన్నాడు.

"వద్దు సార్. నాకు న... నత్తి. కాస్త టైము పడుతుంది. వి... వినండి."

విన్నారు. నలభై నిమిషాలు హాల్లో ఎవరూ కదలలేదు. చివర్లో ఆ పెద్దాయనే పటంలో ఒక కాలువ దారి తప్పుగా గీశావని పట్టుబట్టాడు. బతూల్ పాత దస్తావేజు తీసి, రెండుసార్లు మాట ఆగినా వెనక్కి తగ్గకుండా వాదించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని దస్తావేజు చదివాడు.

"పొరపాటు నాదే. ముప్ఫయ్యేళ్లుగా తప్పు పాఠం చెబుతున్నానన్నమాట," అని నవ్వాడు.

ఇరవైకి పద్దెనిమిది మార్కులు వేశారు.

బతూల్ ఇంటి సందులోకి పరుగెత్తేసరికి తల్లి కిటికీలోంచి సగం బయటికి వంగి ఉంది.

"ఏమైందే?"

"ప... ప... పద్దెనిమిది!"

సందు మలుపు దాకా వినపడేలా అరిచింది. తల్లి నాలుక ఆడిస్తూ సంబరపు కూత పెట్టింది. ఎదురింటి కిటికీ అందుకుంది, దాని పై అంతస్తు అందుకుంది. క్షణంలో సందంతా కూతలతో హోరెత్తిపోయింది.