సర్దుబాటుకు వీలైనదే

హెస్టర్ ప్రైక్‌కు ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చిందన్న సంగతి మధ్యాహ్నానికల్లా మా వెన్‌స్టో ఊరంతా పాకిపోయింది. కొత్తగా పెట్టబోయే ఆర్న్ నది బోర్డుకు ఛైర్మన్‌ను ఎంపిక చేసే సంఘంలో ఆమెను సభ్యురాలిగా వేశారు. సంఘంలో ముగ్గురు. ఇద్దరు లండన్ అధికారులు, మూడో మనిషి ప్రభుత్వంతో ఏ సంబంధమూ లేని మనిషి కావాలి. మా బళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన హెస్టర్‌కు ఎవరితోనూ ఏ సంబంధమూ లేదు. ఆఖరికి చర్చి కమిటీతో కూడా ఆమెకు పడదు.

నీటి కంపెనీ మా నదిలోకి మురుగు వదలడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. వాన పడితే వదిలేవాళ్ళు, పడకపోయినా వదిలేవాళ్ళు. నది సముద్రంలో కలిసేచోట క్లెమ్ థరోగుడ్ కుటుంబం తాతల నాటి నుంచీ ఆల్చిప్పలు పెంచేది. తిన్నవాళ్ళు జబ్బుపడుతున్నారని రెండేళ్ళ కిందట ఆ పెంపకాన్ని మూయించారు. పొద్దున్నే ఈతకు దిగే ఆడవాళ్ళం పదకొండు మందిమి ఉండేవాళ్ళం. చెవిపోట్లూ కడుపునొప్పులూ వచ్చి నలుగురం మిగిలాం, ఆ తర్వాత మేమూ మానేశాం. సంతకాలు సేకరించాం, లండన్ వెళ్ళి వానలో నిలబడ్డాం. చివరికి వచ్చింది ఈ బోర్డు.

"మనవాళ్ళు ఒకరు లోపల ఉన్నారంటే ధైర్యంగా ఉంటుంది టీచర్," అన్నాడు క్లెమ్, ఆమె రైలెక్కే రోజున స్టేషన్ దాకా వచ్చి. నలభై ఆరేళ్ళవాడు. బళ్ళో ఆమె దగ్గరే చదివాడు, పెద్దగా ఏమీ నేర్చుకోలేదని ఇద్దరూ చెబుతుంటారు.

"నేను ఒక్కదాన్నేరా. వాళ్ళు ఇద్దరు," అంది హెస్టర్.

"మా క్లాసులో మేము ముప్పై మందిమి, మీరు ఒక్కరే. ఎవరు గెలిచారు?"

లండన్‌లో ఏం జరిగిందో నాకు ఆమె చాలా రోజుల తర్వాత చెప్పింది. నేను ఊరి గ్రంథాలయంలో పనిచేస్తాను. మా ఇద్దరికీ ముప్పై ఏళ్ళ స్నేహం. అయినా అప్పట్లో నాకూ చెప్పలేదు. లోపలి విషయాలు బయట పెట్టనని కాగితం రాసిచ్చిందట.

అభ్యర్థులు ఐదుగురు. ఇద్దరికి నది అంటే ఏమిటో సరిగా తెలియదు. మిగిలిన ముగ్గురిలో ఒకామె చేపల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. ఒకాయన రిటైరైన ఇంజనీరు. మూడో ఆయన రోడరిక్ ఫెయిన్. అందరికన్నా బాగా మాట్లాడింది ఫెయినే. నీళ్ళలో నైట్రేట్ల గురించి హెస్టర్ గుచ్చి గుచ్చి అడిగితే తడుముకోకుండా జవాబిచ్చాడు. పాతికేళ్ళ తర్వాత మంచి విద్యార్థి దొరికినట్టయింది ఆమెకు.

బయటపడితే ఇబ్బంది కలిగించే విషయం ఏదైనా ఉందా అని అందర్నీ చివర్లో అడగాలి. అది నియమం. ఫెయిన్ తొణకలేదు.

"రెండు ఉన్నాయండీ. పోయినేడాది దాకా నీటి కంపెనీకి సలహాదారుగా ఉన్నాను. రెండోది, మంత్రిగారి కుటుంబం రెండు వేసవులు కార్న్‌వాల్‌లో మా ఇంట్లో గడిపింది. ఆయనా నేనూ పాత స్నేహితులం."

"దాచకుండా చెప్పారు, సంతోషం," అంది సంఘానికి పెద్దగా ఉన్న అధికారిణి. ఆమె పేరు లవెల్.

ఫెయిన్ బయటికి వెళ్ళాక లవెల్ కాగితం ముందుకు లాక్కుంది. "ప్రయోజన వైరుధ్యం ఉంది. కానీ సర్దుబాటుకు వీలైనదే. ఏమంటారు?"

"ఎలా సర్దుతారు?" అంది హెస్టర్.

"కంపెనీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయన గదిలోంచి బయటికి వెళ్తారు."

"ఇది నది బోర్డు కదండీ. కంపెనీ ప్రస్తావన రాని పూట ఏముంటుంది?"

"బాగా చెప్పారు," అని ఇద్దరు అధికారులూ మర్యాదగా నవ్వారు, హెస్టర్ ఏదో చమత్కారం ఆడినట్టు. తర్వాత లవెల్ ఓపికగా వివరించింది. సంఘం పని ఎవరు తగినవారో, ఎవరు కారో చెప్పడం వరకే. తగిన ముగ్గురిలో ఎవరిని వేసుకోవాలో మంత్రి ఇష్టం. ఫెయిన్ తగినవాడు కాడని ఈ గదిలో ఎవరైనా అనగలరా? హెస్టర్ అనలేకపోయింది. చేపల శాస్త్రవేత్తనే వేస్తారు, ఈ మనిషిని వేసేంత సిగ్గుమాలినవాళ్ళు కారు అనుకుంది. పొద్దున్నుంచీ అదే కుర్చీలో కూర్చుని నడుము లాగేస్తోంది. ఐదుంపావు రైలు తప్పితే ఇంకో రెండు గంటలు. సంతకం పెట్టింది.

మూడు వారాల తర్వాత రేడియోలో వచ్చింది, ఛైర్మన్ రోడరిక్ ఫెయిన్ అని. ఇంకో పది రోజులకు పత్రికలో కార్న్‌వాల్ ఇంటి ఫోటో పడింది. తోటలో పొడవాటి బల్ల, దాని ముందు చొక్కా చేతులు మడిచిన మంత్రి, పక్కన ఫెయిన్.

ఆ రోజు గ్రంథాలయంలో పేపర్ల బల్ల దగ్గర గొడవ జరుగుతుందనుకున్నాను. జరగలేదు. రోజూ వచ్చే ముసలివాళ్ళు పేపరు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూసి, పక్కవాళ్ళకిచ్చారు.

"పోయిన ప్రభుత్వంలో బావమరిదిని వేశారు. వీళ్ళు స్నేహితుణ్ణి వేశారు," అన్నాడొకాయన.

"నయమే కదా. చుట్టరికం తగ్గింది."

"ఇంకో రెండు ఎన్నికలైతే ముఖపరిచయం దాకా వస్తారు. అప్పటికి మనం ఉండం."

ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఒకాయన గళ్ళ నుడికట్టు ఉన్న పేజీ అడిగాడు. రేడియోకు ఫోన్లు చేసి తిట్టేవాళ్ళు తిడుతూనే ఉన్నారు గానీ, ఆ తిట్లలో కూడా పస లేదు. నాలుగు రోజుల కిందట ఇంకెవరినో తిట్టిన తిట్లే అవి.

ఊళ్ళో కొందరు మా ఎంపీకి ఉత్తరాలు రాశారు. అందరికీ ఒకటే జవాబు వచ్చింది. నియామకం నియమాల ప్రకారమే జరిగిందనీ, ప్రభుత్వంతో సంబంధం లేని సభ్యురాలితో సహా సంఘమంతా సంతృప్తి చెందిందనీ. ఆ సభ్యురాలు ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. ఒకావిడ ఆ జవాబు తెచ్చి నాచేత జెరాక్సు తీయించుకుంది. ఎందుకని నేను అడగలేదు.

క్లెమ్ హెస్టర్ ఇంటికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. లోపలికి రమ్మంటే రాలేదు. బూట్లకు బురద ఉందన్నాడు. తడిగా కూడా లేవు ఆ బూట్లు. రెండేళ్ళుగా వాటికి బురదలో పనేముంది?

"టీచర్, ఒక్క మాట అడిగి పోతాను. ఆ ఇంటి సంగతి మీ దగ్గర దాచారు కదూ? ఊళ్ళో అదే చెప్తున్నాను. టీచర్‌ని మోసం చేశారు, లేకపోతే ఆవిడ ఒప్పుకునే మనిషి కాదు అని."

అవునని ఊరుకుంటే సరిపోయేది. రాసిచ్చిన కాగితం ప్రకారం ఆమె ఏమీ చెప్పకూడదు కూడా. నేను ఆమె వైపు చూశాను. తలుపు గొళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"దాచలేదు క్లెమ్," అంది. "అతనే చెప్పాడు, నా ముందే. కంపెనీ సంగతీ చెప్పాడు, ఇంటి సంగతీ చెప్పాడు. నేను సంతకం పెట్టాను."

క్లెమ్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"దాచి ఉంటే బాగుండేది," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే నాకు మిగతా అంతా చెప్పింది. "వేరే ఎవరినో వేస్తారనుకున్నావు. నీ తప్పేముంది?" అన్నాను.

"అనుకున్నాను. అనుకోవడానికి నన్ను పిలవలేదు కదా," అంది. "చూడు, నేను అడిగిన ప్రశ్న మంచిదే. జవాబు రాకముందే సంతకం పెట్టాను. పరీక్షలో పిల్లలు అలా చేస్తే సున్నా వేసేదాన్ని."

తర్వాతి శనివారం చర్చి హాల్లో ఎంపీ సభ పెట్టాడు. నూట ఇరవై కుర్చీలు వేస్తే నలభై మంది వచ్చారు, అందులో సగం బయటి చలి తప్పించుకోవడానికి వచ్చినవాళ్ళు. ఎంపీ మర్యాదస్తుడే. జనం కోపం తనకు అర్థమవుతోందన్నాడు. హాల్లో ఎవరి ముఖంలోనూ కోపం లేదు, నిద్ర చాలక లేచి వచ్చినట్టున్నారు. ఎవరో ఏదో అడిగితే మళ్ళీ ఆ ఉత్తరంలోని మాటే అన్నాడు. బయటి సభ్యురాలు సంతృప్తి చెందారని.

హెస్టర్ లేచి నిలబడింది.

"ఆ సభ్యురాలిని నేనేనండీ. నేను సంతృప్తి చెందలేదు. కానీ సంతకం పెట్టాను. రెండూ నిజమే." గొంతు పెంచలేదు. గదిలో జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. గదిలోంచి బయటికి వెళ్ళే ఛైర్మన్ సంగతీ, తన ప్రశ్నా, అధికారుల నవ్వూ, ఐదుంపావు రైలూ అన్నీ చెప్పింది. "నన్ను మోసం చేశారని కొందరు అంటున్నారు. చెయ్యలేదు. అంతా నా ముందు పెట్టారు. అడ్డం చెప్పడానికి నాకు ఆ పూట ఓపిక చాలలేదు. అదీ సంగతి. ఇకనుంచి మీ ఉత్తరాల్లో నా సంతృప్తి గురించి రాయకండి."

చప్పట్లు ఒకరిద్దరు కొట్టారు, మిగతావాళ్ళు కలవకపోయేసరికి ఆపేశారు. విషయం పైవాళ్ళ దృష్టికి తీసుకువెళ్తానన్నాడు ఎంపీ. వెనక వరసలో క్లెమ్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఆమె కూర్చోకముందే బయటికి వెళ్ళిపోయాడు.

"టీ రెడీ అయింది, చల్లారిపోతుంది," అంది వంటగది కిటికీలోంచి ఒకావిడ. జనం లేచారు. టీ దగ్గర హెస్టర్‌తో ఎవరూ కఠినంగా మాట్లాడలేదు. ఒకాయన ఆమె భుజం తట్టి, "పోన్లే అమ్మా, నువ్వు కాకపోతే ఇంకొకరు పెట్టేవాళ్ళు ఆ సంతకం," అన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు హాయిగా ఉండేదని నాకనిపించింది.

సభలో మాటలు ఒక లండన్ పత్రికలో వచ్చాయి. హెస్టర్‌కు మంత్రిగారి శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. గోప్యత నియమాన్ని గుర్తు చేస్తూ, ఇకముందు ఆమె సేవల అవసరం ఉండబోదని. ఆమె తిరిగి ఉత్తరం రాసి, ఆనాటి సమావేశపు నమోదు కాపీ అడిగింది. మూడు నెలలకు పంపారు. తన ప్రశ్న అందులో లేదు. 'వైరుధ్యం గురించి చర్చించడమైనది. సర్దుబాటుకు వీలైనదేనని ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది' అని ఒక్క ముక్క ఉంది. దాన్ని సరిదిద్దమని మళ్ళీ రాసింది. ఉత్తరం అందినట్టు మాత్రం జవాబు వచ్చింది.

ఫెయిన్ పదకొండు వారాలు పదవిలో ఉండి, తన వల్ల బోర్డు అసలు పని వెనకబడకూడదని రాజీనామా చేశాడు. వెళ్తూ అతను పంపిన ఉత్తరం చాలా బాగుందని అందరూ ఒప్పుకున్నారు. చేపల శాస్త్రవేత్త అప్పటికే నార్వేలో ఉద్యోగం చూసుకుంది. మంత్రికి ఇంకో పెద్ద శాఖ ఇచ్చారు. కొత్త ఛైర్మన్‌గా వచ్చిన ఆయన ఏ మంత్రికీ తన ఇంట్లో ఆతిథ్యం ఇవ్వలేదు. కాకపోతే ఆయన భార్య నీటి కంపెనీ తరఫు వకీళ్ళ సంస్థలో పెద్ద హోదాలో ఉంది. ఈసారి పేపర్ల బల్ల దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తనే లేదు.

క్లెమ్ ఇప్పుడు ఇంటింటికీ సరుకులు చేర్చే వ్యాను నడుపుతున్నాడు. హెస్టర్ ఎదురుపడితే తల ఊపేవాడు, ఆగేవాడు కాదు. ఆమె కూడా ఆపలేదు.

వసంతంలో హెస్టర్ తనే నది నీళ్ళు పరీక్షించడం మొదలుపెట్టింది. బడి నుంచి పాత గాజుసీసాలు అడిగి తెచ్చుకుంది. వారానికి రెండుసార్లు పొద్దున్నే వెళ్ళి నీళ్ళు పట్టి, ఇంట్లో పరీక్షించి, ఫలితం బోర్డుకు పంపేది. మీ సందేశం మాకు ముఖ్యమని అటునుంచి యంత్రమే జవాబిచ్చేది.

"ఎవరు చూస్తారే ఇవి?" అన్నాను ఒకసారి, సంచి మోస్తూ.

"ఎవరూ చూడరు. ఈసారి జవాబు వచ్చాకే సంతకం పెడదామని," అంది.

మే నెలలో ఒక పొద్దున మేమిద్దరం రేవు మెట్ల మీద ఉన్నాం. హెస్టర్ ఒక చేత్తో ఇనుప కమ్మీ పట్టుకుని, వంగి సీసా ముంచుతోంది. అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు. కింద మెట్టంతా పాచి. క్లెమ్ తన పాత పడవలో నీళ్ళు తోడిపోస్తూ చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. చివరికి తాడు విప్పి పడవ మా మెట్ల దగ్గరికి తెచ్చాడు.

"ఒడ్డున పట్టిన నీళ్ళకి విలువుండదని బోర్డువాళ్ళంటారు టీచర్. మురుగు వచ్చేది అవతలి గొట్టంలోంచి. నడిమధ్యన పట్టాలి."

"నాకు పడవ లేదుగా," అంది హెస్టర్.

"ఉంటే ఈ పాటికి మునిగి ఉండేవారు." చెయ్యి చాచాడు, ముఖం మాత్రం ఇటు తిప్పలేదు. "మీ మీద కోపం పోలేదు. ఎనిమిదింటికి నాకు వ్యాను డ్యూటీ ఉంది. ఎక్కండి."

హెస్టర్ సీసాల సంచి నా చేతిలోంచి తీసుకుని అతనికి అందించి, అతని చెయ్యి పట్టుకుని పడవలోకి దిగింది. వాళ్ళు నదిలోకి వెళ్తుంటే నేను మెట్ల మీదే కూర్చున్నాను. నీళ్ళు ఎప్పటిలాగే వాసన వేస్తున్నాయి. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఒడ్డుకు వినపడలేదు.