ప్రశ్నలు లేని జవాబులు

నేను ఒక వాయిస్ రికార్డర్‌ని. అరచేతిలో ఇమిడిపోయే నల్లటి పెట్టెను. రెండు సన్నటి బ్యాటరీలు వేస్తే పలుకుతాను. ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో, మాటలు రాని యంత్రాల మధ్య, మాటలు దాచడానికి పుట్టాను.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో ఒక ఉపన్యాసకుడు. సభలో తాను మాట్లాడినదంతా నాలో నింపుకుని, ఇంటికి వెళ్ళి తానే వినేవాడు. పదిహేను రోజులు విన్నాక ఆయనకే విసుగు పుట్టింది. ఒక సభలో నృత్య ప్రదర్శన గురించి రాసుకోవడానికి వచ్చిన సువర్చలను పిలిచి, "నీకేమైనా పనికొస్తుందేమో చూడమ్మా" అని ఇచ్చేశాడు.

సువర్చల ఫ్రీలాన్స్ జర్నలిస్టు. నాట్యం, వ్యాయామం, పరుగు. ఈ మూడింటి గురించే రాసేది. ఒక పత్రికాఫీసులో ఉప సంపాదకుడు ఆమె కనబడగానే, "ఏమ్మా, ఈ వారం కూడా గెంతులేనా?" అనేవాడు.

"మీరందరూ కూర్చునే ఉంటారు కదండీ. ఎవరో ఒకరు గెంతాలి" అనేది.

నాట్యం నేర్పే ఇంటికి వెళితే నన్ను బల్ల మీద కాదు, నేల మీద పెట్టేది. "ముందు అడుగు వినిపించండి మాస్టారూ, మాట తరవాత" అనేది. పరుగు పందేల్లో గెలిచినవాడి చుట్టూ అందరూ మూగితే, తను గీత దగ్గరే నిలబడి చివరి మనిషి వచ్చేదాకా ఎదురుచూసేది.

ఆమెకు ఇంకొక అలవాటు ఉండేది. తాను ప్రశ్న అడిగేటప్పుడు బొటనవేలితో నన్ను ఆపేసేది. జవాబు మొదలవగానే మళ్ళీ నొక్కేది. తొలి రోజుల్లో ఒకసారి తన గొంతు విని, "ఛీ, వాళ్ళకంటే నేనే ఎక్కువ వాగాను" అని అదంతా చెరిపేసింది. ఆ తరవాత పదకొండేళ్ళు అదే పద్ధతి. ఆపినప్పుడల్లా ఆగాను. మంచి యంత్రమని మురిసిపోయాను కూడా.

పోయిన వర్షాకాలంలో సువర్చలకు జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజున ఆమె అక్క హైమవతి టీచర్ ఆసుపత్రి నుంచి ఒక్కతే ఇంటికి వచ్చింది. ఆ గొడవలో సువర్చల ఫోను ఎక్కడో పోయింది. టీచర్‌ది బొత్తాల ఫోను. మాట వినిపిస్తుంది కానీ దాచుకోదు.

నెల తిరిగాక ఆమెకు చెల్లెలి సంచిలో నేను దొరికాను. బ్యాటరీలు మార్చి, చెవి దగ్గర పెట్టుకుంది. ఆమెకు కావలసింది ఒక్కటే, చెల్లెలి గొంతు.

రోజూ బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వరసగా వినేది. నర్తకులు, జిమ్ మాస్టర్లు, పరుగు వీరులు అందరూ పలికారు. అందరూ ఎవరికో జవాబు చెబుతున్నారు. అడిగిన మనిషి మాత్రం లేదు.

టీచర్ కదా, ఊరుకోలేదు. ఒక నోటుబుక్కు తెచ్చింది. నాలో ఒక నాట్యాచార్యుడు, "నొప్పి లేని రోజు నాకు గుర్తు లేదమ్మా" అన్నాడు. ఆమె నన్ను ఆపి, "మోకాలి నొప్పి ఎప్పుడు మొదలైంది?" అని రాసింది. కొట్టేసింది. "అది ఇలా అడగదు" అంది పైకే. మళ్ళీ రాసింది. ఆ జవాబు కింద నాలుగు ప్రశ్నలు ఉన్నాయి, నాలుగూ కొట్టేసినవే.

నోటుబుక్కు సగమైన రోజున అప్పలనాయుడి వంతు వచ్చింది. ఓడరేవులో కలాసీగా రిటైరై, తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద చెప్పుల్లేకుండా పరిగెత్తే మనిషి.

"నాను ఆగనమ్మా. ఏటడుగుతావో నా ఎనక పరిగెట్టి అడుగు."

అతను అలా అన్న రోజు సువర్చల నన్ను నడుముకు దోపుకుని పరిగెత్తింది. బొటనవేలు నన్ను చేరలేదు.

"బాబాయ్... కాస్త నెమ్మది!"

హైమవతి టీచర్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"నెమ్మదిగా ఎల్తే నడకంటారు గానీ!"

"సరే... ఎందుకు పరిగెడతావో చెప్పు."

"ముప్పయ్యేళ్ళు మూటలు మోసేను. ఒట్టి సేతుల్తో ఎల్తే ఎలాగుంటాదో సూద్దారని."

రొప్పు. అలల చప్పుడు. మళ్ళీ సువర్చల, నవ్వుతూ, "అమ్మో, ఈ ఆయాసంతో నన్ను మా అక్క చూసిందంటే... తిట్టి చంపేస్తుంది!"

చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉన్న పిల్ల. ఆ అక్క నిజంగానే తిట్టేది.

టీచర్ ఆ ముక్క మళ్ళీ పెట్టలేదు. నోటుబుక్కు మూసింది. కళ్ళజోడు తీసి దాని మీద పెట్టింది. రికార్డు చేసే నా ఎర్ర బొత్తం నొక్కి, నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"తిట్టనులేవే" అంది. "పరిగెత్తు."

నన్ను బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆపడం ఆమెకు గుర్తు రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. బ్యాటరీ ఉన్నంతవరకు నేను దాస్తూనే ఉన్నాను.