గొడ్ల మేత

తెల్లవారుజాము నుంచీ మబ్బులు సరస్సు మీదుగా పడమరకి పరిగెడుతూనే ఉన్నాయి. కురవవు, తెరిపి ఇవ్వవు. ఉండుండి ఓ ఎండ చీలిక గడ్డివాముల మీద పడి, నిలిచీ నిలవకముందే పోతోంది. సిర్కా పాలు పితుకుతూ మాటిమాటికీ తలుపులోంచి రోడ్డు వంక చూస్తోంది. ఆమె చేతుల తొందర ఆవుకీ తెలిసిపోయింది, కాలు కుదురుగా పెట్టలేదు.

బస్సు ఆగింది. ఆస్పత్రి నుంచి వస్తున్న ఆమె భర్త ఆర్వో దిగాడు. నెల కిందట అడవిలో చెట్టు కొడుతూ కొడుతూ గుండె పట్టుకుని కూలబడ్డ మనిషి. మోటారు రంపం మోసిన చేతుల్లో ఇప్పుడొక చిన్న సంచీ ఉంది. దాన్ని కూడా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటున్నాడు. కోటు వేరేవాళ్లదిలా వేలాడుతోంది. నలభై దాటి ఎంతో కాలం కాలేదు. ఆ వయసులోనే అతని అన్న వెయిక్కో ఇలాగే అడవిలో పడి మళ్లీ లేవలేదు. చలిదేశపు ఈ కరేలియా పల్లెల్లో ఆడవాళ్లు అలాగే ఒంటరివాళ్లవుతారు. ఎవరూ వింతగా చెప్పుకోరు.

"ఉప్పు, వెన్న, పంది కొవ్వు మానాలి. కూరగాయలు పెట్టు, మీగడ తీసిన పాలు ఇవ్వు. ఇంకోసారి గుండెపోటు వస్తే నేను చెయ్యగలిగింది ఉండకపోవచ్చు," అని పోయిన వారం ఆస్పత్రికి వెళ్లిన సిర్కాకి డాక్టరమ్మ చెప్పి పంపింది.

సిర్కాకి అప్పట్నుంచీ నిద్ర లేదు. ఈ ఊళ్లో క్యాబేజీ, క్యారెట్టు వేసేది ఆవుల కోసం. మీగడ తీసిన పాలు దూడలకి పోస్తారు. చెట్లు కొట్టేవాడు కొవ్వు తినాలి. కొవ్వుంటేనే చలికి ఆగుతాడు, రంపం మోస్తాడు. గుండె నొచ్చిందంటే కొవ్వు చాలలేదని అర్థం. తాతలనాటి నుంచీ ఇక్కడి వైద్యం ఇదే.

మధ్యాహ్నం నుంచి ఇరుగుపొరుగు రావడం మొదలుపెట్టారు. ఆస్పత్రి నుంచి వచ్చిన మగాడి ఇంటికి ఎవరూ ఉత్తచేతుల్తో రారు. ఇంట్లో చిలికిన వెన్న ముద్ద చేసి, మీద చెక్క అచ్చుతో పువ్వు నొక్కి తెస్తారు. వద్దంటే వాళ్ల ఆవుని తిట్టినట్టే.

"ఏం ఆర్వో, పస్తులుంచారా ఏంటి?" అంది పక్కింటి ఐలి. "మా పిల్లే నీకంటే ఒళ్లు చేసింది."

"ఆకులు పెట్టారు వదినా. ఇంకో వారం ఉంటే అంబా అని అరిచేవాణ్ణి."

అందరూ నవ్వారు. ఆర్వో కూడా నవ్వాడు. నవ్వి, అరచెయ్యి రొమ్ముకి ఆన్చుకున్నాడు. అది సిర్కా ఒక్కతే చూసింది.

వాళ్లు వెళ్లేసరికి బల్ల నిండా వెన్న పువ్వులు. అత్త హిల్మా పొయ్యి ఎగదోసి, ఉప్పులో ఊరిన పంది కొవ్వు ముక్కలు పెనంలో వేసింది. చుయ్యిమంది. ఆ వాసనకి ఆర్వో కళ్లు మూసుకున్నాడు. నెల తర్వాత ఇల్లు చేరినట్టనిపించింది అతనికి ఇప్పుడే.

"పెనం దింపు అత్తా."

"దేనికే?"

"డాక్టరమ్మ వద్దంది."

"ఆ పట్నం పిల్ల ఏనాడన్నా గొడ్డలి పట్టిందా? మొగోడి తిండి దానికేం తెలుసు! వాడెట్టున్నాడో చూడు, చీపురుపుల్లలా."

సిర్కా రెండో పొయ్యి మీది గిన్నె మూత తీసింది. క్యాబేజీ, క్యారెట్టు, బంగాళాదుంప, కొవ్వు తీసేసిన నాలుగు మాంసం ముక్కలు. పక్కనే కూజాలో పల్చటి పాలు. హిల్మా వంగి చూసింది.

"దూడల పాలా? నా కొడుక్కి గొడ్ల మేతా? కట్టుకున్నదానివా, పగదానివా?"

"ఉండవే అమ్మా," అన్నాడు ఆర్వో. తర్వాత సిర్కా వంక తిరిగాడు. "డెయిరీవాడు మనకి ధర కట్టేది వెన్న శాతం చూసి. ఊరంతా బతికేది దాని మీద. మనింట్లోనే అది విషమంటే మన పాలు ఎవడు కొంటాడే?"

రోజూ పాల క్యాన్లు రోడ్డు పక్కన దింపుతున్నప్పుడు ఆ మాటే సిర్కానీ తొలుస్తోంది.

"పాల సంగతి నాకు తెలీదు," అంది. "నువ్వు పడిపోయినప్పుడు నీ మొహం ఎట్టా ఉందో నాకు తెలుసు."

హిల్మా ముక్కలు తిరగేసింది. "వెయిక్కో నీరసమన్నప్పుడూ ఇట్టాగే వండిపెట్టా. రోజూ పెట్టా. నా బిడ్డ ఆకలితో పోలేదు."

"అవునత్తా. కడుపునిండానే పోయాడు."

అన్నాక గానీ ఆ మాట ఎంత దూరం వెళ్లిందో సిర్కాకి తెలియలేదు. హిల్మా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పెనంలో కొవ్వు చిటపటలాడుతోంది. ఎవరూ దాని వంక చూడలేదు.

సిర్కా గుడ్డ పట్టుకుని పెనం ఎత్తింది, బయట మెట్టు మీద పెట్టి వచ్చింది.

"ఇది ఈ మనిషి కంచంలోకి రాదు. నన్ను ఇంట్లోంచి పొమ్మన్నా సరే. పోతే ఈ మనిషిని కూడా తీసుకుపోతా."

హిల్మా బయటికి నడిచి, పెనం తెచ్చి, తన కుర్చీ ముందు పెట్టుకుంది. మగవాళ్లు లేచాక గానీ ఎప్పుడూ కూర్చోని మనిషి, ఇవాళ అందరికంటే ముందు కూర్చుంది. ఒక్కో ముక్కా వేళ్లతో తీసి నమలసాగింది, ఇదిగో చూడండి, నాకేమయింది అన్నట్టు. నుదుటి మీద చెమట పట్టింది, తుడుచుకోలేదు.

సిర్కా ఆర్వోకి వడ్డించింది. తనకీ వడ్డించుకుంది. ఆర్వో రొట్టె ముక్క కోశాడు. చెయ్యి అలవాటుగా వెన్న దాకా వెళ్లి ఆగింది. చాలాసేపు ఆగింది. చివరికి రొట్టెని క్యాబేజీ నీళ్లలో ముంచి కొరికాడు. రుచి ఎలా ఉందో మొహంలో తెలియలేదు.

హిల్మా నమలడం ఆపి కొడుకు నోటి వంక చూస్తోంది. పెనంలో ఇంకా సగం ఉంది.