రుక్కమ్మ లేపిన సర్వర్

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు సర్వర్‌ను రమ్య సూర్యాపేటలో తన ఇంటి నుంచే చూసుకుంటుంది. ఆదివారం మిల్లుకు సెలవు కదా అని పొద్దున్నే దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చబోయింది. పని సగంలో ఆగింది. రీస్టార్ట్ చేస్తే సర్వర్ మళ్లీ లేవలేదు. తెల్లారితే లారీల తూకాలు, గేటు పాసులు అన్నీ దాని మీదే నడవాలి. బస్సెక్కి వెళ్దామంటే విరిగిన కాలికి సిమెంటు కట్టు ఉంది.

మిల్లు ఆఫీసు సెల్‌కు ఫోన్ చేస్తే, సెలవు రోజు ఊడ్వడానికి వచ్చిన రుక్కమ్మ ఎత్తింది.

"అమ్మా, జర వీడియో కాల్ చేసి ఆ కంప్యూటర్ తెర నాకు సూపియ్యి."

"నాకు ఇంగ్లీషు రాదు బిడ్డా. ఏమన్న ఖరాబైతే నన్ను పనిల నుంచి తీసేస్తరు."

"ఖరాబు చేసింది నేనమ్మా. నీ మీదికి రానియ్య." అంటూనే రమ్య ఏడ్చేసింది.

ఆ ఏడుపు విని రుక్కమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. రమ్య చెప్పినట్టే మిషన్ ఆపి మళ్లీ వేసింది. నల్లటి తెర మీద నాలుగు వరుసలు వచ్చాయి.

"కిందికి సూసే బాణం గుర్తు రెండుసార్లు నొక్కు. ఇగ పక్కనున్న పెద్ద మీట నొక్కు. గప్పుడు మిషన్ పాత సిస్టమ్‌తోని లేస్తది."

ఇద్దరూ తెర వంకే చూశారు. కాసేపటికి రమ్య లాప్‌టాప్‌కు సర్వర్ జవాబిచ్చింది.

"లేచిందమ్మా!"

"ఇగ ఏడ్వకు, అన్నం తిను," అంది రుక్కమ్మ.

మధ్యాహ్నానికల్లా మిగతాది సరిచేసి, రమ్య మేనేజర్ సుధాకర్‌కు ఫోన్ చేసింది. "సార్, తప్పు నాదే. సర్వర్‌ను లేపింది మాత్రం రుక్కమ్మ."

"మన రుక్కమ్మనేనా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు.