బెండు లేని గాలం

శుక్రవారం సాయంత్రం అంగన్‌వాడీ నుంచి వచ్చి, కొంగు బొడ్లో దోపుకుని, పెరట్లో బట్టలుతికే బండ వెనక తడినేల తవ్వుతూ కూర్చున్నాను, గాలానికి ఎరగా వానపాముల కోసం. వరండాలో కుర్చీలో ఉన్న మా ఆయన జడ్సన్ అక్కడి నుంచే అడిగాడు. "డబ్బా నిండిందా? పోయినేడు మధ్యాన్నానికే అయిపోయినాయి." నిండలేదన్నాను. "ఇంకాస్త లోతుగా తవ్వు బేతూ" అన్నాడు. సలహా ఇవ్వడానికి కళ్ళక్కర్లేదు కదా.

పెళ్ళయిన మూడో ఏట సరిహద్దులో మందుపాతర పేలి ఆయన చూపు పోయింది. మిలిటరీ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు మా అత్తగారు ఏడ్చి ఏడ్చి, ముక్కు చీదుకుని, నాతో అన్న మొదటి మాట, "వాడి కళ్ళు పోయినాయి, నీ చేతులున్నాయి గదా" అని. ఉన్నాయి. అప్పటి నుంచి ఆయనకు గడ్డం గీసేదీ, కంచంలో చేపముల్లు తీసి పెట్టేదీ, కాగితం మీద ఆయన వేలు పట్టుకెళ్ళి సంతకం చోటు చూపించేదీ ఈ చేతులే. జనం మాత్రం కళ్ళను పొగుడుతారు. చర్చిలో, పెళ్ళిళ్ళలో, ఎక్కడికి పోయినా "జడ్సన్ కళ్ళు ఎలిశబెతే" అంటారు. మొదట్లో ఆ మాట వింటే పొంగిపోయేదాన్ని, అబద్ధమెందుకు. తర్వాత తర్వాత తెలిసొచ్చింది, కళ్ళకు ఎవరూ కుర్చీ వెయ్యరని.

ఏటా చలికాలంలో ఒక శని, ఆదివారాలు ఆయనతో పనిచేసి దిగిపోయిన సైనికులంతా తోటపల్లి గూడూరు దాటాక ఒక పెద్ద చెరువు గట్టున డేరాలు వేసుకుని గాలాలు వేస్తారు. చేపల కోసం చెరువును వేలంపాటలో పాడుకున్న ఆసామి ఆ రెండు రోజులూ వీళ్ళకు వదిలేస్తాడు. వీళ్ళకొక రూలుంది. శనివారం మొదటి చేప ఎవరికి పడితే వాళ్ళే డేరాలు విప్పేదాకా కమాండర్. కమాండర్ కుర్చీలో కూర్చుంటాడు, మిగతావాళ్ళు చెప్పింది చెయ్యాలి. సుబేదార్‌గా రిటైరైన రంగనాయకులు గారైనా సరే, మామూలు సిపాయికి టీ అందించి సెల్యూట్ కొట్టాల్సిందే. సగం మంది ఆ సరదా కోసమే వస్తారు.

పన్నెండేళ్ళలో జడ్సన్ ఐదుసార్లు కమాండరయ్యాడు. ఎట్లాగంటే, ఎర నేను గుచ్చుతాను. నీళ్ళ మీద తేలే బెండును రెప్ప వెయ్యకుండా నేను చూస్తాను. బెండు మునగ్గానే "లాగండి" అంటాను, ఆయన లాగుతాడు. "చూపు పోయినా సిపాయి సిపాయేరా" అని చప్పట్లు. చేపను గాలం నుంచి నేను విడిపిస్తుంటే "చెల్లెమ్మా, ఆ చేత్తోనే పొలుసు కూడా తీసెయ్" అని ఒకరు. సొమ్మొకడిది సోకొకడిది.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. అసలు ఆ బెండే అక్కర్లేదు. మా నాయన ఏసుమణి పొలం పనులయ్యాక, పొద్దుగూకే వేళ కాలవలో గాలం వేసేవాడు. ఆ మసకలో బెండు కనపడదు. నీళ్ళలోకి పోయే దారాన్ని నా చూపుడు వేలి మీద వేసి, "చేప ముట్టుకుంటే నీ వేలికి తెలస్తాది, కంటితో పనేముంది" అని నేర్పించాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అంటే జడ్సన్ చేప పట్టడానికి నా కళ్ళు అవసరం లేదని మొదటి ఏడే నాకు తెలుసు. తెలిసీ పన్నెండేళ్ళు నోరు మూసుకున్నాను. ఎందుకో తల్చుకుంటే నాకే సిగ్గేస్తుంది.

శనివారం పొద్దున చెరువు గట్టు మీద వ్యాను దిగుతుంటే రంగనాయకులు గారు నన్ను చూసి "వచ్చిందిరా జడ్సన్ దుర్భిణి" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, వాళ్ళు పరాయివాళ్ళు. జడ్సన్ కూడా నవ్వాడు. నెత్తిన డేరా మూట, చేతిలో బియ్యం సంచి, చంకలో ఎరల డబ్బా. ఆ దుర్భిణి అలా మోస్తూ నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన్ను గట్టు మీద కూర్చోబెట్టి, గాలం కర్ర చేతికిచ్చి, దారానికున్న బెండును పంటితో కొరికి తీసేశాను.

"ఏం చేస్తన్నావే?"

"బెండు తీసేశాను. దారం ఈ వేలి మీద పెట్టుకోండి. చేప ముడితే వేలు లాగినట్టుంటుంది. రెండోసారి లాగినప్పుడు ఎత్తండి. ఎర డబ్బా మీ కుడిచేతి పక్కనుంది."

"నువ్వు చెప్తావు గదా?"

"చెప్పను. నేనూ గాలం వేసుకుంటున్నాను."

ఆయన ముఖం ఎర్రబడింది. గొంతు తగ్గించి, "నలుగుర్లో నన్ను గుడ్డోణ్ణి చేసి పోతన్నావా బేతూ?" అన్నాడు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కాళ్ళు వెనక్కి లాగాయి. పన్నెండేళ్ళ అలవాటు ఊరికే పోతుందా. అయినా డబ్బాలోంచి నాలుగు ఎరలు తీసుకుని, పదడుగులు లెక్కపెట్టుకుని నడిచి, రాయి మీద కూర్చుని, ఇంటి నుంచి మూటలో దాచి తెచ్చుకున్న దారం తీశాను. కర్ర లేదు, బెండు లేదు. దారం, గాలం, నా వేలు.

అరగంట గడిచింది. వేలి మీద సన్నగా అదిరింది. ఆగాను. మళ్ళీ గట్టిగా. లాగాను. మూరెడు కొర్రమీను గట్టు మీద పడి ఎగిరింది.

"మొదటి చేప" అని, మా ఆయనతో పనిచేసిన రూఫస్ అన్న కేకేశాడు. చేతిలో గాలాలు అక్కడే వదిలి అందరూ వచ్చారు. రంగనాయకులు గారు చేపనూ నన్నూ మార్చి మార్చి చూసి, "సరే, మొగుడూ పెళ్ళాం ఒకటే గదా. జడ్సనే కమాండర్" అని తీర్పు చెప్పేశాడు.

"చేప నాదండీ" అన్నాను.

"నీదేలేమ్మా, ఎవరు కాదన్నారు. కానీ రూలు మాలో మాకు. ఆడోళ్ళకు రూలేంది?"

"మొదటి చేప పట్టినవాళ్ళు అనే గదా మీ రూలు. మొదటి మగాడు అని లేదే."

రంగనాయకులు గారు మింగలేక కక్కలేక నిలబడ్డాడు. పొయ్యి దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్న ఆయన భార్య వనజాక్షి గారు కత్తిపీట మీంచి తలెత్తారు. ఇప్పుడు నవ్వేసి "ఊరికే అన్నాలెండి" అంటే అంతా సర్దుకుంటుంది. ఎన్నిసార్లు అలా సర్దేశానో. ఈసారి అనలేదు.

"ఉండండి, ఉండండి" అన్నాడు జడ్సన్ అటు నుంచి. దారం ఆయన వేలిని లాగుతోంది. ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఎత్తాడు. జానెడు జెల్ల గాల్లో గిలగిలలాడింది. తడుముకుంటూ దారం పట్టుకుని చేపను అందుకున్నాడు. ముల్లు గుచ్చుకుని రక్తం వచ్చినా వదలకుండా, దాన్ని తల నుంచి తోక దాకా వేళ్ళతో చూసుకున్నాడు.

"బేతూ, నువ్వు చెప్పలేదు గదా?"

"లేదండీ."

ఆయన నల్లకళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు కారాయి. కాసేపటికి లేచి నిలబడి, మాట వినపడే వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "సాబ్, నాది రెండో చేప."

అంతే. రూఫస్ అన్న కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చున్నాను. రంగనాయకులు గారు కాసేపు నసిగి, చివరికి మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. "ఆర్డరేంది కమాండర్?"

"పులుసు మీరు పెట్టండి. చింతపండు దండిగా వెయ్యండి. పొలుసు రూఫస్ అన్న తీస్తాడు. వనజాక్షి గారూ, ఆ కత్తిపీట మీ ఆయనకిచ్చి వచ్చి గాలం వెయ్యండి." ఆవిడ కత్తిపీట వదిలేసి వచ్చిన వేగం చూసి నాకు నవ్వాగలేదు.

మధ్యాహ్నం పులుసులో ఉప్పెక్కువైంది. అయినా రెండుసార్లు వేయించుకు తిన్నాను. వేడివేడిగా, కూర్చున్న చోటికి, ఇంకొకరు తెచ్చి పెట్టిన అన్నం. జడ్సన్ నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ముళ్ళు తనే వెతికి తీసుకుంటూ నెమ్మదిగా తింటున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"ఈ వేలి సంగతి నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి ఏటి నుంచి."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నన్ను మీరు తీసుకురారేమోనని."

వేళ్ళకు తగిలిన ముల్లొకటి తీసి కంచం అంచున పెట్టాడు. తర్వాత మెల్లగా, "ఇప్పుడు చెప్పేసినావు గదా" అన్నాడు.

"ఇప్పుడు మీరు తీసుకురాకపోయినా వస్తాను."